బోల్టు రంధ్రంలో మురికి



ఇంజను విప్పి కట్టించాలంటే మన చెన్నైలో ఎవరైనా ముందు అడిగేది బోరు సంగతి, పిస్టన్ల సంగతి, ఆపైన ఖర్చు సంగతి. బ్లాకు మీద వరుసగా కనిపించే బోల్టు రంధ్రాలను గురించి అడిగినవారిని నేనింతవరకు చూడలేదు. కట్టేవాళ్లు కూడా గుడ్డతో పైపైన తుడిచి ముందుకు పోతారు. ఇవాళ ఆ రంధ్రాల గురించే నాలుగు మాటలు చెబుతాను. నాకీ విద్య పుస్తకం చదివి అబ్బింది కాదు, ఒక బ్లాకు పగలగొట్టాక అబ్బింది.

అప్పటికి నేను కుర్రవాణ్ణి. పనిచేసిన షెడ్డు పేరెందుకు లెండి. ఒక టాక్సీ డీజిలు ఇంజను పనికి వచ్చింది. బ్లాకును కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టింది నేనే. మర్నాడు హెడ్డు ఎక్కించి బోల్టులు బిగిస్తున్నాం. మూడో బోల్టు కొంత దిగాక మొరాయించింది. "లోపల ఏదో అడ్డముంది మేస్త్రీ" అన్నాను. "అడ్డమూ లేదు, ఏమీ లేదు. నీ చేతిలో బలం లేదు. రెంచికి పైపు తగిలించరా" అన్నాడాయన. తగిలించి లాగాను. టక్కుమని చిన్న చప్పుడు. రెంచి ఒక్కసారిగా తేలికైపోయింది. బోల్టు తెగిందనుకున్నాం. హెడ్డు దించి చూస్తే బోల్టు నిక్షేపంగా ఉంది. రంధ్రం పక్కన బ్లాకు మీదనే వెంట్రుకలాంటి చీలిక, నీళ్లు తిరిగే గది దాకా.

జరిగిందేమిటంటే, ఆ రంధ్రానికి అడుగు మూసి ఉంది. కడిగిన కిరసనాయిలు అడుగున నిలిచిపోయింది. గాలైతే నొక్కితే అణుగుతుంది, ద్రవం అణగదు. పై నుంచి బోల్టు దిగుతూ ఉంటే పోవడానికి దారిలేక అది చుట్టూ ఉన్న పోత ఇనుమును తోసింది. లారీని పైకెత్తే జాకీలో పనిచేసే సూత్రమే ఇదీను. టాక్సీ ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మరో బ్లాకు దొరికేదాకా రోజూ సాయంత్రం వచ్చి, కాసేపు స్టూలు మీద కూర్చుని వెళ్లేవాడు. తిట్టినా బాగుండుననిపించేది.

ఇది కంటికి కనబడే నష్టం. కనబడని నష్టం ఇంకొకటుంది. హెడ్డు బోల్టుల్ని టార్క్ రెంచితో ఇంత అని కొలిచి బిగిస్తాం. రెంచి టిక్కుమనగానే బిగువు సరిపోయిందనుకుంటాం. నిజానికి ఆ రెంచి కొలిచేది తిప్పడానికి పట్టిన బలాన్ని మాత్రమే, హెడ్డును బ్లాకుకు అదిమిపట్టే బలాన్ని కాదు. మనం పెట్టే బలంలో సుమారు సగం బోల్టు తల కింది రాపిడికే పోతుంది. నూటికి నలభై పాళ్లు మరచుట్ల రాపిడికి పోతుంది. హెడ్డును పట్టి ఉంచడానికి మిగిలేది నూటికి పది పాళ్లే. ఇప్పుడు చుట్లలో పాత మసీ, తుప్పూ ఉండి ఆ నలభై నలభై అయిదు అయిందనుకోండి. మిగిలేది అయిదు! రెంచి మాత్రం ఎప్పటిలాగే టిక్కుమంటుంది. కొన్నాళ్లకు గ్యాస్కెట్టు పోతుంది. పాపం, నింద గ్యాస్కెట్టు అమ్మినవాడి మీద పడుతుంది.

మరి శుభ్రం చేయడమెలా? చాలామంది వెంటనే ట్యాప్ చేతికి తీసుకుంటారు. ట్యాప్ లోహాన్ని కోసే పనిముట్టు. మురికితోపాటు కాస్త మరను కూడా తినేస్తుంది, బోల్టు వదులవుతుంది. పైగా అది లోపల విరిగిందంటే మామూలు డ్రిల్లుకు లొంగదు, ఎందుకంటే ట్యాప్ కూడా దానంత గట్టి ఉక్కే. మరను కోయకుండా మురికిని మాత్రమే తోసే చేజర్ అనే పనిముట్టు దొరుకుతుంది. అది లేకపోతే అదే కొలత పాత బోల్టుకు హాక్సా బ్లేడుతో నిలువుగా మూడు గాళ్లు కోసి, అంచులు ఆకురాయితో నునుపు చేసుకోండి. చుక్క నూనె వేసి చేత్తోనే తిప్పండి. బిగిస్తే వెనక్కి తిప్పి, బయటికి తీసి తుడిచి, మళ్లీ పెట్టండి. ఊడిన మురికంతా ఆ గాళ్లలో చేరుతుంది.

ఇదంతా చేసేముందు సిలిండర్లలోనూ, నూనె దారుల్లోనూ గుడ్డ కుక్కడం మరవకండి. తరువాత బ్రష్షుతో కడిగి, అడుగున నిలిచింది సిరంజితో లాగేసి, అప్పుడు కంప్రెసరు గాలి కొట్టండి. కళ్లద్దాలు పెట్టుకునే కొట్టండి, రంధ్రం మీద గుడ్డ అడ్డం పెట్టండి. అడుగున్న రంధ్రంలోకి పోయిన గాలి పోయిన దారినే మీ ముఖం మీదికి వస్తుంది. చివరికి హెడ్డు లేకుండానే బోల్టును వేళ్లతో తిప్పి చూడండి. చివరిదాకా వేళ్లకే దిగాలి. బోల్టుకు నూనె రాయాలా వద్దా అన్నది మాత్రం ఆ ఇంజను పుస్తకం చెప్పినట్టే చేయాలి. నూనె లేకుండా బిగించమన్న కొలతకు నూనె రాసి బిగిస్తే బోల్టు మితిమీరి సాగుతుంది. నీళ్ల గదిలోకి తెరుచుకునే రంధ్రాలుంటే వాటి బోల్టులకు సీలెంటు కావాలి.

మన ఊళ్లో బుల్లెట్ల సంగతి వేరే చెప్పాలి. 1955లో మద్రాస్ మోటార్స్ వారు ఇంగ్లండు కంపెనీతో చేతులు కలిపి, ఆ తరువాత ఆ బండ్లను ఇక్కడ తయారు చేయడం మొదలుపెట్టారు. ఆ పాత ఇంజన్లలో అంగుళాల లెక్క మరలు. 5/16 అంగుళం బోల్టు 7.94 మిల్లీమీటర్లు. 8 మిల్లీమీటర్ల బోల్టుకూ దానికీ తేడా కంటికి ఆనదు. కాని బ్రిటిషు సైకిలు మరలో అంగుళానికి 26 చుట్లు, వాళ్ల ఫైన్ మరలో 22, మామూలు 8 మిల్లీమీటర్ల బోల్టులో ఇరవై పైచిలుకు. పుదుపేటలో దొరికిందని చేతికందిన ట్యాప్‌ను అల్యూమినియం క్రాంకుకేసులో తిప్పారా, ఆ మర ఇక లేదు. రంధ్రం పెద్దది చేసి హెలికాయిల్ చుట్ట వేయించుకోవడమే గతి. దువ్వెన పళ్లలాంటి పిచ్ గేజిని పాత బోల్టుకు ఆనించి చూడటానికి అరనిమిషం చాలు.

2015 డిసెంబరులో అడయారు పొంగినప్పుడు మునిగిన బండ్లను కొన్నింటిని విప్పాను. అల్యూమినియంలో ఉక్కు బోల్టులు తెల్లటి బూజుతో పట్టేసి ఉన్నాయి. రంధ్రాల్లో ఎండిన ఒండ్రు సిమెంటులా గట్టిపడింది. ఒక్కో రంధ్రానికి ముప్పావు గంట పట్టింది. కూలి అడిగితే ఒకాయన, "రంధ్రాలు తుడిచినందుకా ఇంత?" అన్నారు. నేను నా గాళ్ల బోల్టును, దాన్నిండా ఉన్న మట్టితో సహా, ఆయన అరచేతిలో పెట్టాను.