బొజ్జన్నకొండ గుహలో

రోమునగరమున నేలక్రింద త్రవ్విన సమాధులనుగూర్చి శ్రోతలు వినియుందురు. అనకాపల్లి చెంత శంకరమున బౌద్ధులు కొండనే తొలిచిరి. సంఘారామమే శంకరమయ్యెనట, బుద్ధునికొండ బొజ్జన్నకొండ.

మేము మెట్లెక్కి పెద్దగుహ సొచ్చితిమి. పదునారు స్తంభముల నడుమ స్తూపము. స్తూపమనగా మొదట అస్థికలపై లేపిన దిబ్బయే. ఇచ్చట ఇటుక పేర్చలేదు; చుట్టునున్న రాతిని చెక్కివేయగా మిగిలినదే స్తూపము! ప్రదక్షిణమునకు దారియు విడిచిరి.

ప్రక్కకొండమీది స్తూపములను జనులు లింగములనుకొనిరి, అది లింగాలకొండ. 1906 ప్రాంతమున అలెగ్జాండరు రీ త్రవ్వించగా సముద్రగుప్తుని బంగారునాణెము సైతము దొరకెను.

ఆ కొండపై లింగములు. ఈ కొండపై మాత్రము రాక్షసుడట! లోగడ కనుమనాడు దీనిపై రాళ్లు రువ్వెడివారు. మాకు దారిచూపిన ముసలివాడు, చిన్ననాడు తానును రువ్వితిననుచు, గుహవాకిట చెప్పులు విడిచెను.