ఏడాది దాటిన బిడ్డకు ఆహారము
(ప్రసంగ పాఠము)



వేరుశనగలో ఊడలు దిగే వేళ తడి తప్పితే, తర్వాత ఎంత నీరు పెట్టినా పోయిన దిగుబడి పూర్తిగా తిరిగి రాదు. ఆరవ నెల నుండి రెండేళ్లు నిండే వరకు బిడ్డకు అటువంటి దశ.

ఈ మధ్య హైదరాబాదు పాతబస్తీలో, దబీర్‌పురా దర్వాజాకు దగ్గరలో ఒక ఇంటికి వెళ్లాను. ఊరి నుండి ఒక రైతు తన కూతురికి వేరుశనగకాయల మూట తెచ్చాడు. పద్నాలుగు నెలల మనుమడు ఆయన ఒడిలో కూర్చుని చాయ్‌లో ముంచిన బిస్కెట్టు తింటున్నాడు.

"పెద్దయ్యా, పసివానికి చాయ్ ఎందుకు?" అన్నాను.

"చాయ్‌ల పాలున్నయి గదమ్మా!" అన్నాడు.

ఉన్నవి, రెండు చెంచాలు. పైగా తేయాకు ఆహారములోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనీయదు. చాయ్‌తో కడుపు నిండిన బిడ్డ అన్నము ముట్టడు.

పక్కింట్లో ఖిచిడీ ఉడుకుతున్నది. బియ్యము, మసూరు పప్పు. ఆ బిడ్డకు కావలసినది అదే. కారము, మసాలా వేయక ముందే ఒక గిన్నెడు తీసి, మెదిపి, చెంచాడు నెయ్యి గాని నూనె గాని కలిపి పెట్టవలెను. పసివాని పొట్ట చిన్నది; గంజి, చారునీళ్లు పోస్తే పొట్ట నిండుతుంది గాని బలము రాదు. చెంచా వంచితే జారిపోనంత చిక్కగా ఉండవలెను. రోజుకు నాలుగైదు సార్లు పెట్టవలెను. తల్లిపాలు రెండేళ్లు నిండే వరకు మానరాదు.

పిల్లలకు మాంసకృత్తులే తక్కువని లోకమంతా అనుకుంటున్న రోజులలో, అసలు తిండే చాలడము లేదని హైదరాబాదులో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు చూపారు. వారి పరిశోధనశాల 1958లో కూనూరు నుండి ఇక్కడికి వచ్చినది; 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. ఆ సంస్థ రూపొందించినదే హైదరాబాద్ మిశ్రమము. గోధుమలు 40 గ్రాములు, శనగలు 16, వేరుశనగ పప్పు 10 విడివిడిగా వేయించి, పొడి చేసి, 20 గ్రాముల బెల్లము కలపండి. 330 కేలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. ఏడాది దాటిన బిడ్డకు రోజుకు కావలసినవి సుమారు 1000 కేలరీలు. అంటే మూడవ వంతు ఈ మిశ్రమములోనే ఉన్నది! ఒక్కసారే తినలేడు, రెండు మూడు సార్లుగా పెట్టండి. గింజలు మాత్రము పొడిగానే ఇవ్వవలెను, గొంతులో అడ్డుపడతాయి.

ఒక మాట దాచకుండా చెప్పుకుందాము. మంచి కాయలు బజారుకు, ముడుచుకున్నవి, బూజు పట్టినవి ఇంటికి ఉంచడము మనలో ఉన్నది. బూజు గింజలలో అఫ్లటాక్సిన్ అనే విషము ఉండవచ్చు. వేయించినా అది పూర్తిగా పోదు. ఏరి పారవేయండి.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతము కూడ ఇటువంటిదే. దానిని పశువుల కుడితిలో కలపకండి.

గుడ్డు, ఆకుకూర, బొప్పాయి, జామ వంతులవారీగా పెట్టండి. విరేచనములు పట్టినప్పుడు తిండి మాన్పించరాదు. బిడ్డకు వేరే గిన్నె పెట్టండి. తల్లి పళ్లెములో తింటే ఎంత తిన్నాడో తెలియదు.

ఇక మీరు అడగవలసినవి అడగండి.