ఇసుకను కడిగిన కథ



మన మాస్టారు జీవితమంతా రసాయనశాస్త్రం చెప్పారు. అందుకే చమురు ధరల జోలికి పోకుండా, ఇసుకలోంచి చమురును విడదీయడం మనిషికి ఎలా పట్టుబడిందో చెబుతాను.

కెనడాలోని అల్బెర్టా రాష్ట్రంలో అథబాస్కా నది గట్లు నల్లగా, జిగటగా ఉంటాయి. ఆ జిగురే బిట్యుమెన్. దాన్ని చెట్టుబంకతో కలిపి, నీరు కారకుండా పడవల అతుకులకు పూయడం అక్కడి ఆదివాసులకు ఎప్పటినుంచో తెలుసు. 1719లో వా-పా-సు అనే క్రీ జాతి మనిషి దాని నమూనాను హడ్సన్స్ బే అనే వర్తక కంపెనీ వాళ్లకు తెచ్చిచ్చాడు. తర్వాత రెండు వందల ఏళ్లు చూసి ఆశ్చర్యపోయినవాళ్లే గాని సాధించినవాళ్లు లేరు.

కిటుకంతా రేణువులో ఉంది. ఇసుక రేణువును సన్నని నీటి పొర చుట్టుకొని ఉంటుంది, దానిపైన బిట్యుమెన్. ఆ నీటి పొర వల్లే జిగురు ఇసుకను వదులుతుంది. వేడినీళ్లు, కాస్త కాస్టిక్ సోడా వేసి కలియబెడితే ఇసుక అడుక్కి పోతుంది. గాలి బుడగలను పట్టుకున్న బిట్యుమెన్, మజ్జిగ చిలికితే వెన్న తేలినట్టు, నురగగా పైకొస్తుంది. 1920లలో అల్బెర్టా ప్రభుత్వ పరిశోధన మండలిలో కార్ల్ క్లార్క్ ఈ పద్ధతిని నిలబెట్టారు. సిడ్నీ బ్లెయిర్‌తో కలిసి యూనివర్సిటీ పవర్‌హౌస్ నేలమాళిగలో చిన్న యంత్రం పెట్టి మరీ చూశారు.

పద్ధతి దొరికింది, పరిశ్రమ రాలేదు. ఇసుకను కడిగే అబాసాండ్ అనే కర్మాగారం 1941లో ఒకసారి, 1945లో మరోసారి తగలబడింది. ప్రభుత్వమే బిట్యుమౌంట్ అనే చోట ప్లాంటు కట్టి నడిపి చూపించింది. 1950లో బ్లెయిర్ లాభం వస్తుందని లెక్కలు వేసి ఇచ్చారు. ఆ దశాబ్దం చివర్లో మాన్లీ నాట్లాండ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు భూమిలో అణుబాంబు పేల్చి ఆ వేడికి చమురు కరిగిద్దామన్నాడు. నవ్వులాట కాదు, ప్రభుత్వాలు దాన్ని నిజంగానే పరిశీలించాయి!

చివరికి 1967 సెప్టెంబర్ 30న గ్రేట్ కెనడియన్ ఆయిల్ శాండ్స్ ప్లాంటు ప్రారంభమైంది. క్లార్క్ అంతకుముందు డిసెంబరులోనే కన్నుమూశారు. చలికాలంలో గడ్డకట్టిన ఇసుక, దాన్ని తవ్వే యంత్రాల పళ్లను అరగదీసేసింది. 1978లో సింక్రూడ్ అనే మరో కంపెనీ ప్లాంటు వచ్చింది.

చమురులో ఎక్కువ భాగం తవ్వకానికి అందని లోతుల్లో ఉంది. దానికి రోజర్ బట్లర్ అనే ఇంజనీరు దారి చూపారు: ఒకదాని మీద ఒకటి, ఐదు మీటర్ల ఎడంతో రెండు అడ్డబావులు, పైదాంట్లోకి ఆవిరి పంపితే కరిగిన బిట్యుమెన్ కిందిదాంట్లోకి జారుతుంది. దీన్ని 1980లలో భూగర్భంలో పరీక్షించి చూసిందీ ప్రభుత్వ సంస్థే. నష్టం ప్రజల డబ్బు భరించాక కంపెనీలు లాభానికి వచ్చాయన్నది నా అభిప్రాయం.

గనుల దగ్గర మాత్రం క్లార్క్ పద్ధతి వెంట ఒక చిక్కు వచ్చింది. బిట్యుమెన్‌ను వదిలించిన కాస్టిక్ సోడాయే బంకమట్టిని కూడా నీళ్లలో చెదరగొడుతుంది. ఆ మట్టి దశాబ్దాలు గడిచినా పేరుకోదు. కడిగిన నీళ్లు పెద్ద చెరువులై నిలిచాయి. 2008లో సింక్రూడ్ చెరువులో వాలిన సుమారు 1,600 బాతులు చచ్చిపోయాయి. ఆ నీటిలోంచి మట్టిని చవగ్గా, త్వరగా విడదీసే పని ఇంకా మిగిలే ఉంది. సభలో ఉన్న రసాయనశాస్త్ర విద్యార్థులు దానిమీద మనసు పెట్టాలని నా విన్నపం.