పెళ్లయ్యాక చెస్ ఏటి ఆడతాది?

కోటబొమ్మాళి నుంచి మాట్లాడుతున్నాను. కిందటి వీడియో చూసి ఒకమ్మ అడిగారు: "మా పాప ఎత్తులు బాగానే ఏస్తంది బాబూ, రేపు పెళ్లయ్యాక ఏటి ఆడతాది?" మంచి ప్రశ్నే. మన తెలుగువాళ్లిద్దరి సంగతి చెప్తాను, వినండి.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో, 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. ఆడవాళ్లలో అంత చిన్న వయసులో అప్పటికి ఇంకెవరూ కాలేదు. ఇది అందరికీ తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది ఆ తర్వాతది. 2017లో పాప పుట్టింది, దాదాపు రెండేళ్లు పోటీలకి దూరమయ్యారు. చెస్‌లో ఒక తిరకాసు ఉంది. ఆడకపోతే రేటింగ్ తగ్గదు, కాగితం మీద అలాగే ఉంటుంది. కానీ ఈలోగా మిగతావాళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని కొత్త ఓపెనింగులు తయారుచేసుకుంటారు. తిరిగొచ్చి నాలుగాటలు ఓడితే, అప్పుడు జారుతుంది రేటింగ్.

ఆవిడ 2018లో తిరిగొచ్చారు. 2019 డిసెంబర్‌లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్. చైనా అమ్మాయి లే టింగ్‌జీతో ప్లేఆఫ్‌లో మొదటి ఆట పోయింది, రెండోది గెలిచారు. మూడోది ఆర్మగెడాన్. అంటే నల్లపావులకి టైము తక్కువ, కానీ డ్రా అయితే గెలుపు వాళ్లదే. హంపి నల్లపావులతో డ్రా చేసి ఛాంపియన్ అయ్యారు. 2024లో న్యూయార్క్‌లో మొదటి రౌండే ఓడిపోయి కూడా మళ్లీ అదే టైటిల్, 37 ఏళ్లకి! 2025లో బటూమి ప్రపంచకప్ ఫైనల్లో 19 ఏళ్ల దివ్య దేశ్‌ముఖ్ చేతిలో ఓడారు, నిజమే. ఫైనల్ దాకా వెళ్లింది కూడా నిజమే కదా.

ఇక ద్రోణవల్లి హారిక. 2022లో మామల్లపురం ఒలింపియాడ్‌కి నిండు గర్భిణిగా వచ్చి బల్ల ముందు కూర్చున్నారు. మన మహిళల జట్టుకి ఒలింపియాడ్‌లో మొదటి పతకం, కాంస్యం, అక్కడే వచ్చింది. 2024లో బుడాపెస్ట్‌లో బంగారు పతకం తెచ్చిన జట్టులోనూ ఆవిడ ఉన్నారు.

అయితే ఒకటండీ, ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. హంపికి ఆట నేర్పడానికి నాన్నగారు అశోక్ ఉద్యోగమే వదిలేశారు. ఇప్పుడు ఆవిడ విదేశాలకి ఆడడానికెళ్తే పాపని చూసుకునేది అమ్మమ్మా తాతయ్యలే. మన ఇళ్లల్లో అల్లుణ్ణి వెతికేటప్పుడు కట్నం, ఉద్యోగం అడుగుతాం గానీ, "మా పిల్ల పది రోజులు టోర్నమెంటుకి పోతే ఇల్లెవరు చూస్తారు?" అని అడుగుతామా?

అమ్మా, పాపకి ఎన్నేళ్లో, రోజూ ఎంతసేపు ఆడుతోందో కింద రాయండి. వచ్చే వీడియోలో అక్కడినుంచే మొదలుపెడదాం. ఉంటానండి.