ల్యాప్‌టాప్ తెర నల్లబడితే

షోలాపూర్ తూర్పు భాగంలో, సాఖర్‌పేట, భద్రావతిపేట వంటి వాడల్లో, తెలంగాణ నుంచి వలసవచ్చిన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా చద్దర్లు, టవళ్లు నేస్తున్నాయి. చద్దరు మీది పువ్వును ఒకప్పుడు గ్రాఫు కాగితం మీద గడిగడికీ రంగు నింపి గీసేవారు. దాన్ని చూసి అట్టలకు చిల్లులు కొట్టేవారు. ఇప్పుడు చాలాచోట్ల ఆ గీత పని కంప్యూటరు మీదే జరుగుతోంది. నమూనాను పెన్‌డ్రైవులో తీసుకువెళ్లి ఎలక్ట్రానిక్ జకార్డుకు ఎక్కించేవారూ ఉన్నారు. అటువంటి ఇంట్లో ల్యాప్‌టాప్ పనిమధ్యలో ఆగిపోయి, మళ్లీ వేస్తే తెర నల్లగానే ఉండిపోయిందనుకోండి. మగ్గమూ ఆగుతుంది, వ్యాపారికి చెప్పిన గడువూ దాటుతుంది.

అప్పుడు చాలామంది నమూనాలన్నీ పోయాయనే అనుకుంటారు. తెర వేరు, నమూనాలు దాచుకున్న డిస్కు వేరు. తెర చెడినంత మాత్రాన డిస్కు చెడదు. అసలు నష్టం చాలాసార్లు బాగుచేసే చోటే జరుగుతుంది. "ఫార్మాట్ చేస్తే సరిపోతుంది" అంటారు. యంత్రం లేస్తుంది, ఏళ్ల తరబడి గీసిన పువ్వులు పోతాయి. కనుక దుకాణానికి ఇచ్చేటప్పుడు మొదటి మాటగా, నమూనాలు బయటికి తీసేదాకా ఫార్మాట్ చేయవద్దని చెప్పండి. వీలైతే రసీదు మీద రాయించుకోండి.

మగ్గం ఆగితే అనుభవమున్న జాబర్ ముందుగా జకార్డు విప్పడు. కరెంటు ఉందా, మోటారు తిరుగుతోందా అని చూస్తాడు. ఇక్కడా అంతే. ఛార్జరు దీపం వెలుగుతోందా? లోపల ఫ్యాను చప్పుడు వినిపిస్తోందా? క్యాప్స్‌లాక్ మీట నొక్కితే దాని దీపం వెలిగి ఆరుతోందా? ఆరుతుంటే యంత్రం లోపల నడుస్తున్నట్టే. అప్పుడు విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బి అక్షరం నాలుగూ కలిపి ఒకసారి నొక్కండి. బొమ్మను పంపే భాగం మళ్లీ మొదలవుతుంది, కొన్నిసార్లు తెర వచ్చేస్తుంది.

రాకపోతే ఛార్జరు తీసేయండి. ఊడదీసే బ్యాటరీ అయితే అదీ తీయండి. పవర్ మీటను అర నిమిషం నొక్కిపట్టి, తిరిగి కలిపి వేయండి. వోల్టేజి ఎగుడుదిగుళ్ల తర్వాత మొరాయించిన యంత్రాలు దీనికి లేవడం కద్దు.

ఇంకా నల్లగానే ఉంటే చీకట్లో తెర మీద టార్చి వేసి చూడండి. మసకగా బొమ్మ కనిపిస్తే తెర వెనుక వెలుగు పోయిందని అర్థం. ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ తీగ కలిపి చూడండి. టీవీలో బొమ్మ వస్తే మీ నమూనాలు అక్కడే ఉన్నాయి, వెంటనే పెన్‌డ్రైవులోకి నకలు తీసుకోండి. మరమ్మతు ఆ తర్వాత.

టీవీలోనూ రాకపోతే ర్యామ్ కదిలి ఉండవచ్చు. దాన్ని తీసి మళ్లీ బిగించాలి. ఇది తెలిసినవారి చేతి పని. మన వాడల్లో గాలిలో నూలు ధూళి ఎక్కువ. అది ఫ్యానులో పేరుకుంటే యంత్రం వేడెక్కి ఆగిపోతుంది. విప్పినప్పుడు అదీ శుభ్రం చేయించండి.

ఏదీ పనిచేయకపోయినా, విడదీయగలిగే డిస్కు అయితే దాన్ని తీసి తగిన తీగతో వేరే కంప్యూటరుకు కలిపి ఫైళ్లు తీయవచ్చు. డిస్కు టకటకమని కొట్టుకుంటుంటే మాత్రం పదే పదే వేయకండి. కొత్త విండోస్ యంత్రాల్లో డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉండవచ్చు. అది అడిగే నలభై ఎనిమిది అంకెలు చాలావరకు మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటాయి. కనుక ఖాతా పేరు, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇంట్లోనే పెట్టుకోండి, దుకాణంలో ఇవ్వకండి.

ఫ్రాన్సులో జకార్డు తన మగ్గాన్ని 1804 ప్రాంతంలో రూపొందించాడు. అట్టకు చిల్లు ఉంటే పడుగు దారం లేస్తుంది, లేకపోతే లేవదు. ఆ చిల్లుల అట్టే తర్వాత లెక్కల యంత్రాలకూ దారి చూపింది. పాత కార్ఖానాల్లో ఆ అట్టల కట్టలను దూలానికి వేలాడదీసి దాచేవారు, కావలసిన పువ్వు మళ్లీ ఎక్కించేవారు. ఇప్పటి నమూనాలకూ అటువంటి దూలం ఒకటి కావాలి. వారానికోసారి రెండో పెన్‌డ్రైవులోకి నకలు తీసి, ల్యాప్‌టాప్ ఉన్న గదిలో కాక బీరువాలో పెట్టండి.