తండాలో మిగిలిన పిల్లలు

ఈ సభకు చదువుకున్న పిల్లలే ఎక్కువమంది వచ్చారు. అందుకే మా మాటలు ముందుగా మీకే.

సేవాలాల్ మహరాజ్ జయంతి ఫిబ్రవరి 15న వస్తుంది. అప్పటికి మన దగ్గర చెరుకు కోతలు ఇంకా నడుస్తూనే ఉంటాయి. భోగ్ భండారో రోజు తండాలో ఎవరెవరు ఉన్నారో ఒకసారి లెక్కపెట్టి చూడండి. ముసలివాళ్లు ఉంటారు, చిన్నపిల్లలు ఉంటారు. రెక్కలాడే వయసువాళ్లలో చాలామంది కోతల్లోనో, హైదరాబాద్ మేస్త్రీ పనుల్లోనో, గల్ఫ్‌లోనో ఉంటారు. ఇవాళ మాట్లాడేది ఆ మిగిలినవాళ్ల గురించి, వాళ్లకు మనం ఏం చేయగలమన్న దాని గురించి.

మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ కాలువ నీళ్లతో బోధన్ దాకా చెరుకు వచ్చింది, చెరుకు వెంట 1930ల చివర్లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. మన తండాలు ఎక్కువగా మెట్ట మీద ఉన్నాయి. నీళ్లు కిందికి పోయాయి, మనవాళ్లు నీళ్ల వెంట కూలికి పోయారు. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు మాత్రం ఇతర ఫ్యాక్టరీలకు పోతూనే ఉంది. నిజాంసాగర్, పిట్లం, జుక్కల్ వైపు నుంచీ, అటు నారాయణఖేడ్ నుంచీ మనవాళ్లు కోతలకు పోతూనే ఉన్నారు. ఫ్యాక్టరీ ఆగింది గానీ మేస్త్రీ లారీ ఆగలేదు.

కోతల లెక్క మీకు తెలిసిందే, అయినా చెబుతాం. మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు మనిషికి కాదు, జంటకు. భార్యాభర్తలిద్దరూ కలిసి కత్తి పట్టి దాన్ని తీర్చాలి. తల్లి చేనులో ఉంటే గుడిసె దగ్గర చంటిపిల్లను ఎవరు చూడాలి? పదేళ్ల అక్క చూడాలి. ఆ అక్క మా హాస్టల్ పిల్ల. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో ఇది ఇంకా ముదిరింది. జంటగా పోతేనే డబ్బు కాబట్టి పిల్లలకు చిన్న వయసులోనే పెళ్లిళ్లు చేసి కోతలకు పంపుతున్నారు. ఆడపిల్లకు పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేయకూడదని 2006 చట్టం చెబుతోంది. కానీ అడ్వాన్సు తీసుకున్న ఇంట్లో చట్టం సంగతి ఎవరికి గుర్తుంటుంది?

దసరా సెలవులకు హాస్టల్ మూసి పిల్లలను ఇళ్లకు పంపుతాం. తెరిచిన రోజున హాజరు పిలుస్తుంటే కొన్ని పేర్ల దగ్గర జవాబు రాదు. "బాపు తీస్కపోయిండు మేడం" అని పక్క పిల్ల చెబుతుంది. వలస పోయేవాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్లు వచ్చాయి. మంచి ఆలోచన. లారీ కదలకముందే తెరిచిన చోట పిల్లలు ఆగారు. మేం చూసినంతలో చిక్కంతా తారీఖుల దగ్గరే. లారీ దసరాకు వస్తుంది, మంజూరు కాగితం దీపావళి దాటాక వస్తుంది. ఏ ఆఫీసని ఇక్కడ చెప్పం, చెప్పినా పోయిన లారీ వెనక్కి రాదు. ఏ ఇల్లు ఎప్పుడు కదులుతుందో ఆఫీసుకు ఎలా తెలుస్తుంది? తండాకు మాత్రం పది రోజుల ముందే తెలుసు.

ఎవరికి ఆసరా కావాలో పక్కింటివాళ్లకే ముందుగా తెలుస్తుంది. దీన్ని నమ్మి పనిచేసినవాళ్లు మన చుట్టుపక్కలే ఉన్నారు. మనకు ఎగువన జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. దాని సంఘాల్లో ఎక్కువమంది బీద దళిత ఆడవాళ్లు. 1990ల నడుమ ఆ ఆడవాళ్లు పడావు పడ్డ భూముల్లో జొన్న వేయించారు. సాగుకు ఇచ్చిన డబ్బును రైతులు జొన్నల రూపంలోనే తిరిగి కట్టారు. ఆ గింజలను ఊళ్లోనే దాచి, కరువు నెలల్లో బీదవాళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. మాకు నచ్చింది జొన్నల కంటే ఇంకో సంగతి. ఎవరు ఎంత బీదో తేల్చింది అధికారులు కాదు, ఊరి ఆడవాళ్లే. ఇంటింటినీ లెక్కలోకి తీసుకున్నారు. ఎక్కువ బీద ఇంటికి ఎక్కువ ఆసరా. మొగుడు పోయినామె ఎవరు, కొడుకు చూడని ముసలామె ఎవరు అన్నది వాళ్లకు ఏ కార్డూ చూడకుండానే తెలుసు.

రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ పిల్లల విషయంలో ఈ దారే పట్టింది. ప్రొఫెసర్ శాంతా సిన్హా నడిపిన ఆ పనికి 2003లో ఆమెకు మెగసెసె అవార్డు వచ్చింది. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది వాళ్ల మాట. పని మాన్పించిన పిల్లలను కొన్ని నెలలు శిబిరంలో ఉంచి, వయసుకు తగిన తరగతికి తయారుచేసి బడిలో చేర్చారు. ఆ పనికి ఊళ్లు తిరిగిన వలంటీర్లలో చాలామంది తమ ఇంట్లో మొదటిసారి చదువుకున్నవాళ్లు. అంటే మీలాంటివాళ్లే. తల్లిదండ్రులను తిట్టలేదు, వాళ్ల గడప దగ్గర కూర్చుని పదిసార్లు మాట్లాడారు.

ఆఫ్రికా అంటే మీ ఫోన్‌లో ఏం కనిపిస్తుంది? ఖాళీ పళ్లెం పట్టుకున్న పిల్ల, పక్కన దాత పేరు. అక్కడి ఊళ్లు తమ పిల్లలను తామే చూసుకున్న సంగతి ఆ వీడియోల్లో ఉండదు. జింబాబ్వేలో 'జుండే రమాంబో' అని పాత ఆచారం ఉంది. ఊరి పెద్ద పేరున ఒక పొలం ఉంటుంది, అందరూ వచ్చి దున్నుతారు, పంటను పెద్ద దగ్గరున్న గాదెలో పోస్తారు. అది కరువులో ఆకలిగొన్నవాళ్లకు, దిక్కులేని పిల్లలకు, ముసలివాళ్లకు. హెచ్‌ఐవీతో తల్లిదండ్రులు పోయి పిల్లలు అవ్వల చేతిలో పడిన రోజుల్లో ఆ పొలాలను మళ్లీ లేపారు. మన తండాల్లోనూ పిల్లలు అవ్వల చేతిలోనే ఉన్నారు. కారణం వేరు, అవ్వ కష్టం ఒక్కటే.

కెన్యాలో 1963లో స్వాతంత్య్రం రాగానే 'హరాంబే' అన్న పిలుపు మీద ఊళ్లు చందాలు వేసుకుని, తామే మట్టి మోసి హైస్కూళ్లు కట్టుకున్నాయి. చాలాచోట్ల గోడలు లేచాయి గానీ చదివిన టీచర్లు చాలలేదు. ఊరు చేయగలిగింది ఊరు చేయాలి. సర్కారు చేయాల్సింది సర్కారుతోనే చేయించాలి. మా టీచర్ల జాతికి ఇది కాస్త గట్టిగా చెప్పే అలవాటు.

ఇప్పుడు మన పని. 2018 చట్టంతో మన తండాలు చాలావరకు గ్రామ పంచాయతీలు అయ్యాయి. సర్పంచ్ మనవాడే, లేదా మనామే. తండాకు ఇద్దరు, ఒక అబ్బాయి ఒక అమ్మాయి, ఒక నోటుబుక్కు పెట్టండి. దసరాకు పది రోజుల ముందు ఇల్లిల్లూ తిరగండి. ఎవరు కోతకు పోతున్నారు, పిల్లలు ఎందరు, ఏ తరగతి, వెంట తీసుకుపోతారా, అవ్వ దగ్గర వదులుతారా? అవ్వకు కళ్లు కనిపిస్తాయా? రేషన్ దుకాణంలో ఆమె వేలిముద్ర పడుతుందా? ఇవి రాయండి. ఒక కాపీ పంచాయతీకి, ఒకటి బడికి, ఒకటి మాకు. ఆ కాగితం చేతిలో ఉంటే సీజనల్ హాస్టల్ ముందే తెరవమని పేరుపేరునా అడగగలం. కేవలం "మా తండాలో చాలామంది ఉన్నారు" అంటే ఎవరూ వినరు.

తండ్రి పోయిన పిల్లలు, అమ్మానాన్న ఇద్దరూ లేక బంధువుల ఇంట్లో ఉన్న పిల్లలు, తల్లికో తండ్రికో ప్రాణాంతక జబ్బు ఉన్న పిల్లలు కనిపిస్తే వాళ్ల పేరు కింద గీత గీయండి. మిషన్ వాత్సల్య కింద అలాంటి బిడ్డకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. ఊళ్లలో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. పిల్లకు పెళ్లి చేస్తున్నారని తెలిసినా, కొడుతున్నారని తెలిసినా 1098కి ఫోన్ చేయండి.

ఇంకొక మాట, కోపం తెచ్చుకోవద్దు. తీజ్‌కు, జయంతికి డీజే పెడుతున్నాం. పెట్టండి, మేమూ ఆడతాం. ఆ చందాలోంచే కొంత తీసి బియ్యం, నూనె, అవ్వల మందుబిళ్లలకు పక్కన పెట్టడం ఏ తండాకైనా చేతనవుతుంది. ఆ డబ్బు ఆడవాళ్ల సంఘం దగ్గర ఉంచండి. పొదుపు లెక్కలు వాళ్లకు మనకంటే బాగా వచ్చు.

భోజనాల దగ్గర ఒక రిజిస్టర్ పెట్టాం. మీ తండా పేరు, మీ ఫోన్ నంబరు రాసి వెళ్లండి. దసరా సెలవులు ఇచ్చే ముందు వారం మేమే ఫోన్ చేస్తాం.