మీ కంప్యూటర్‌లో ఏ విండోస్ నడుస్తోంది? మీరే చూసుకోండి

మిషిగన్ రాష్ట్రం నోవైలోని తెలుగు కాంట్రాక్టు ఉద్యోగులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం



మీలో చాలామంది డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల పరిశ్రమలో కాంట్రాక్టు మీద పని చేస్తున్నారు. పాస్‌పోర్టు, వీసా, జీతం గురించి ఎలా జాగ్రత్త పడాలో మీకు చెబుతూనే ఉన్నాం. ఈ రోజు చెప్పేది గదిలో మంచం పక్కన ఉన్న మీ సొంత ల్యాప్‌టాప్ గురించి. మీ ఐ-94, ఐ-797, ఆఫర్ లెటర్, జీతం స్లిప్పులు, పని గంటల లెక్క, అన్నీ ఉండేది అందులోనే. ఇంటికి డబ్బు పంపేది కూడా దానిమీదే.

హెచ్-1బి మీద ఉన్నవారికి యజమాని జీతం ఎగవేస్తే, అమెరికా కార్మిక శాఖకు డబ్ల్యూహెచ్-4 అనే ఫారంలో ఫిర్యాదు ఇవ్వవచ్చు. తప్పు జరిగిన 12 నెలల లోపే ఇవ్వాలి. ఆ రోజు మీ మాటకు బలం ఇచ్చేవి ఈ కాగితాలే. అవి పోతే మీ చేతిలో రుజువు ఏముంటుంది? అందుకే ఆ కంప్యూటర్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ ఏ వెర్షనో, దానికి కంపెనీ ఇంకా రక్షణ ఇస్తోందో లేదో మీకు తెలిసి ఉండాలి.

వెర్షన్ ఎందుకు ముఖ్యం?

మన రాష్ట్రంలోనే జరిగిన సంగతి చెబుతాను. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. కంప్యూటర్‌లోని ఫైళ్లకు తాళం వేసి, తియ్యాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమని అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అయితే ఆ కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే, విడుదల చేసింది. వేసుకున్నవారు బయటపడ్డారు. విండోస్ ఎక్స్‌పీకి మాత్రం గడువు 2014 ఏప్రిల్ 8నే తీరిపోయినందున, అందరికీ ఆ మందు దాడి మొదలైన తరువాత గానీ రాలేదు.

అంటే గడువు తీరిన వెర్షన్ తాళం లేని ఇల్లు లాంటిది. దొంగ వచ్చేదాకా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

చూసుకునే పద్ధతి

1. కీబోర్డు కింది వరుసలో విండోస్ గుర్తు ఉన్న మీటను నొక్కి పట్టుకుని, ఆర్ అక్షరం నొక్కండి. ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది.

2. అందులో డబ్ల్యూ, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అనే ఆరు అక్షరాలు వరుసగా, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి, ఎంటర్ నొక్కండి.

3. వచ్చిన పెట్టెలో పైన పెద్ద అక్షరాలతో విండోస్ 10 అనో, విండోస్ 11 అనో ఉంటుంది. దాని కింద వెర్షన్, బిల్డ్ నంబరు ఉంటాయి. ఆ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి.

కొందరు నల్ల తెరలో కమాండ్ కొట్టి చూస్తారు. అక్కడ విండోస్ 11కు కూడా 10.0 అనే వస్తుంది. కంగారు పడనక్కరలేదు. బిల్డ్ నంబరు 22000 గానీ అంతకు ఎక్కువ గానీ ఉంటే అది విండోస్ 11.

ల్యాప్‌టాప్ మీద అతికించిన స్టిక్కర్‌ను నమ్మవద్దు. అది కొన్ననాటి సంగతి చెబుతుంది గానీ ఇప్పుడు లోపల నడుస్తున్నది చెప్పదు. సికింద్రాబాద్ సీటీసీలోనో, తెలిసినవారి దగ్గరో పాత ల్యాప్‌టాప్ కొని తెచ్చుకున్నవారు తప్పనిసరిగా పై విధంగా చూసుకోవలెను.

ఆపిల్ కంప్యూటర్ ఉన్నవారు తెర పైన ఎడమ మూలన ఆపిల్ గుర్తు నొక్కి, అందులో మొదటి వరుస ఎంచుకుంటే పేరు, వెర్షన్ కనిపిస్తాయి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అబౌట్ ఫోన్ అన్నచోట చూడవచ్చు.

గడువులు

విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 8.1కు 2023 జనవరి 10తో, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మామూలు గడువు తీరిపోయింది. విండోస్ 10 ఉన్న ఇంటి కంప్యూటర్లకు, విడిగా నమోదు చేసుకుంటే, 2026 అక్టోబర్ 13 వరకు రక్షణ అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. నమోదు చేసుకోనివారికి అవి రావు.

విండోస్ 11 ఉంది కదా అని ఊరుకోకూడదు. హోమ్, ప్రో రకాలలో 23హెచ్2 వెర్షన్‌కు 2025 నవంబర్ 11తో గడువు తీరింది. 24హెచ్2కు 2026 అక్టోబర్ 13 వరకు, 25హెచ్2కు 2027 అక్టోబర్ 12 వరకు ఉంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిస్తే, మీ కంప్యూటర్ కొత్త వెర్షన్‌కు పనికివస్తుందో లేదో అదే చెబుతుంది. మార్చే ముందు మీ కాగితాలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి, కంప్యూటర్ నుంచి తీసి వేరే చోట దాచుకోండి. పనికిరాదని వస్తే, ఆ కంప్యూటర్ మీద బ్యాంకు పని మానుకోవడం మేలు.

క్లయింటు ఇచ్చిన ల్యాప్‌టాప్ సంగతి వేరు. దాని వెర్షన్ చూడవచ్చు గానీ మార్చకూడదు. అది వారి ఐటీ విభాగం పని. మీ సొంత కాగితాలు అందులో మాత్రమే ఉంచుకోకండి. కాంట్రాక్టు ముగిసిన రోజున ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేస్తే, మీ రుజువులు కూడా దానితో పాటే పోతాయి.

ఫోన్ చేసి అడిగేవారితో జాగ్రత్త

"మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ విండోస్ గడువు తీరింది, వైరస్ పట్టింది" అని ఫోన్ రావచ్చు. నేను పైన చెప్పిన మీటలే వారు కూడా నొక్కమంటారు. కానీ వేరే అక్షరాలు కొట్టించి, ఏ కంప్యూటర్‌లోనైనా మామూలుగా ఉండే ఎర్ర గుర్తులు చూపించి భయపెడతారు. ఆ తరువాత మీ కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే ప్రోగ్రామ్ వేయించి, గిఫ్ట్ కార్డుల రూపంలో డబ్బు కట్టమంటారు. మైక్రోసాఫ్ట్ తనంతట తాను ఇలా ఫోన్ చేయదు. వెంటనే పెట్టేయండి.

ఇప్పటికే అలాంటివారిని లోపలికి రానిచ్చి ఉంటే సిగ్గుపడి దాచుకోకండి. మొదట ఇంటర్నెట్ తీసేయండి. వేరే కంప్యూటర్ నుంచి బ్యాంకు పాస్‌వర్డ్ మార్చండి. బ్యాంకుకు ఫోన్ చేయండి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఫిర్యాదు ఇవ్వండి. ఫిర్యాదు ఇచ్చినందుకు రుసుము ఏమీ లేదు.

సొంత కంప్యూటర్ లేనివారు నోవై పబ్లిక్ లైబ్రరీలోని కంప్యూటర్లు వాడుకోవచ్చు. పని అయ్యాక లాగవుట్ చేయడం, దించుకున్న ఫైళ్లు తుడిచేయడం మరవకండి.

ఈ రాత్రే గదికి వెళ్లగానే ఆ ఆరు అక్షరాలు కొట్టి చూడండి. ఒక్క నిమిషం పని. మీకు రాకపోతే గదిలో తెలిసిన తమ్ముడినో చెల్లెలినో పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ముక్కూ మొహం తెలియని మనిషి ఫోన్‌లో చెబితే మాత్రం చేయకండి.